విమానం పొట్ట

మామిడి తోటలో నిలబడితే విమానం కనపడదు, వినపడుతుంది. ముసునూరులో పెరిగినవాళ్ళందరికీ ఇది తెలుసు. గన్నవరంలో దిగబోయేదో, అక్కణ్ణించి లేచిందో, పైన ఎక్కడో పోతూ ఉంటుంది. కొమ్మల కిందనించి బయటికి పరిగెత్తేసరికి తోక మాత్రం మిగుల్తుంది. నాకు విమానాల పిచ్చి అలా పట్టుకుందని చెప్పుకుంటే బావుంటుంది గానీ, అసలు పట్టింది హైదరాబాదులో, ఉద్యోగం వచ్చిన కొత్తలో కొన్న ఒక ప్లాస్టిక్ కిట్ వల్ల.

తెలీనివాళ్ళ కోసం ఒక్క మాట. కిట్ డబ్బా విప్పితే ప్లాస్టిక్ ఫ్రేములకి అంటుకుని ముక్కలుంటాయి. చింతపిక్కంత సీట్లు, అగ్గిపుల్లంత తుపాకీ గొట్టాలు, రెండు చెక్కలుగా విమానం ఒళ్ళు. వాటిని కోసి, అరగదీసి, అతికించి, అతుకులో పుట్టీ పెట్టి, వాటర్ పేపర్‌తో రుద్ది, రంగు వెయ్యాలి. ఎక్కువమంది ఎంచుకునే కొలత 1/72. అంటే నిజం విమానంలో 72 సెంటీమీటర్లు ఇక్కడ ఒక సెంటీమీటరు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పిన మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లు. నా అల్మరాలో ఉన్నదానికి పది సెంటీమీటర్లకి కాస్త తక్కువ.

కథల గురించీ కవిత్వం గురించీ మాట్లాడుకునే చోట ఈ బొమ్మల గోలేమిటి అంటారేమో. నాకు మాత్రం ఇది ఫక్తు వాస్తవికవాదం. ఇంత మొండి వాస్తవికవాదులు సాహిత్యంలో కూడా ఉండరు. ఒక ఆకుపచ్చ రంగు 1941 నాటిదా, 1943 నాటిదా అని ఇద్దరు మనుషులు అర్ధరాత్రి దాకా వాదించుకోవడం నేను చూశాను, ఒకసారి ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేనే. రెక్క మీద రివెట్ల వరస లెక్కపెట్టి, కిట్ కంపెనీ ఒక వరస తప్పు పెట్టిందని బాధపడేవాళ్ళున్నారు. ఇందులో వెటకారం ఏమీ లేదు. చూసినది చూసినట్టు చెప్పాలన్న పట్టుదల అది. మన చారిత్రక నవలల్లో చాలావాటికి అందులో పదో వంతు ఉంటే బాగుపడేవి. ఒక వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకోకుండా దాని గురించి ఒక్క వాక్యం కూడా రాయకూడదని నాకు నేర్పింది సాహిత్యం కాదు, ఈ ప్లాస్టిక్ ముక్కలే.

నా పేచీ ఆ నిజాయితీతో కాదు. అది ఏ వైపు నించి చూస్తోంది అన్నదానితో.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఊరెళ్ళిపోయాను. ఇంట్లో మేం ముగ్గురం, అమ్మా, అమ్మమ్మా, నేనూ. బంగినపల్లి కోతకొచ్చే రోజులు, లారీలు కదలవు, కూలీలు రారు, తోటల వాళ్ళ మొహాల్లో నెత్తురుచుక్క లేదు. నేను మాత్రం పగలు ల్యాప్‌టాపూ, సాయంత్రం కిట్టూ. అప్పుడు చేస్తున్నది నకజిమా బి5ఎన్. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ నౌకాదళపు బాంబర్, ముగ్గురు మనుషులు ఎక్కేది, విమానవాహక నౌక మీంచి ఎగిరేది. నిజంలో రెక్కల వెడల్పు పదిహేనున్నర మీటర్లు, నా బల్ల మీద ఒక జానెడు. నేను కొన్న డబ్బా మీద బొమ్మ పెర్ల్ హార్బర్‌ది. 1941 డిసెంబరు 7, కాలుతున్న ఓడలు, పొగ.

పెర్ల్ హార్బర్ అనగానే సినిమాలు గుర్తొచ్చే మనలో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. ఆ తర్వాత నాలుగు నెలలకి, 1942 ఏప్రిల్ 6న, ఇదే రకం విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. రియుజో అనే నౌక మీంచి వచ్చాయవి. అడ్మిరల్ ఒజావా దళం ఆ కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచేసింది. బాంబులు ఎన్ని పడ్డాయన్నదాని కన్నా, పడ్డాయన్న కబురే ఎక్కువ పనిచేసింది. కోస్తా పట్నాల్లో జనం మూటలు కట్టుకుని లోపలి ఊళ్ళకి బయల్దేరారు.

అమ్మమ్మ వాళ్ళు కాకినాడ నించి అలా వచ్చినవాళ్ళే. అప్పటికి ఆమెకి ఏడేళ్ళు. నూజివీడు స్టేషన్లో దిగి (నూజివీడు స్టేషను నూజివీడులో ఉండదు, హనుమాన్ జంక్షన్ దగ్గరుంటుంది, కొత్తవాళ్ళు ఇప్పటికీ మోసపోతారు) ఎడ్లబండి మీద ముసునూరు చేరారట. నాలుగు నెలలుందామని వచ్చి ఉండిపోయారు. ఈ కథ నేను చిన్నప్పట్నించీ విన్నదే. బల్ల మీదున్న ప్లాస్టిక్ ముక్కకీ ఆ కథకీ సంబంధం ఉందని నాకు తట్టడానికి మూడు వారాలు పట్టింది. అప్పటికి కాక్‌పిట్ అయిపోయింది. సీటు బెల్టులు కూడా పెట్టాను, వెంట్రుకంత రాగి రేకుతో. అద్దం మూత అతికించాక అవి ఎవరికీ కనపడవు. అయినా పెడతాం, మా గొప్ప అది.

పూర్తయ్యాక తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. పెట్టేముందు ఏదో ఉపోద్ఘాతం చెప్పాను, అదీ అనవసరం. ఆమె కళ్ళజోడు సర్దుకుని, నేను మూడు వారాలు చచ్చీ చెడీ చేసిన పైభాగం వంక ఒక్క క్షణం కూడా చూడలేదు. తిరగేసింది.

"ఒకటే ఉందేంట్రా బొట్టు? రెండోదేది?"

జపాన్ విమానాల రెక్కల కింద ఎర్రటి సూర్యబింబాలు ఉంటాయి, ఒక్కో రెక్కకి ఒకటి. అవి డెకాల్స్, నీళ్ళలో నానబెట్టి కాయితం మీంచి జార్చి అతికించే పల్చటి రంగు పొరలు. కింద వెయ్యాల్సిన రెండిట్లో ఒకటి నా చేతిలో చిరిగిపోయింది. అడుగునే కదా, ఎవరు చూస్తారులే అని వదిలేశాను. అదొక్కటే కాదు, పొట్ట మీద అతుకు గీత సరిగ్గా రుద్దలేదు, పుట్టీ ఒకచోట గుంటపడింది. పైన మూడు కోట్లు రంగు, కింద ఒకటి.

"నువ్వు చూశావా అమ్మమ్మా వాటిని?"

"చూడకేం. మేడమీద వడియాలు ఎండబెడుతున్నాం. కుంకం బొట్లలా ఉన్నాయి. అమ్మ రెక్క పుచ్చుకుని లాక్కుపోయింది."

ఏడేళ్ళ పిల్ల ఆ బొట్లని నిజంగా చూసిందా, ఆ తర్వాత ఎనభై ఏళ్ళలో ఏ పత్రికలోనో సినిమాలోనో చూసినవి వచ్చి ఆ జ్ఞాపకంలో చేరాయా, నేను తేల్చలేను. తేల్చాలని కూడా లేదు. కానీ ఆమె విమానాన్ని తిరగేసిన తీరులో అనుమానం లేదు. ఆమెకి విమానం అంటే పొట్టే. మిగతాదంతా ఎక్కినవాళ్ళది.

ఆ రోజు నించీ నేను మోడళ్ళని తిరగేసి చూడ్డం మొదలుపెట్టాను. మావాళ్ళు ఎవరన్నా కొత్తది చేసి చూపిస్తే అడుగు చూపించమంటాను, చాలామందికి ఇది మర్యాదగా అనిపించదు. మంచి పనివాళ్ళు అడుగు కూడా శ్రద్ధగానే చేస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఫొటోలన్నీ కాస్త పైనించి, ముందు వైపు మూల నించి. అల్మరాలో నిలబెట్టేదీ చక్రాల మీదే. మన చూపు పైలట్ భుజం ఎత్తులోనో, ఇంకా పైనో ఉంటుంది. వెదరింగ్ అని ఒక విద్య ఉంది, విమానం పాతబడ్డట్టు చూపించడం. సైలెన్సర్ పొగ మసి, కారిన నూనె, మెకానిక్ బూటు తగిలి రెక్క మొదట్లో చెక్కుకుపోయిన రంగు. ఎంత అందంగా చేస్తారంటే దాని మీద జాలేస్తుంది. యుద్ధంలో అలిసిపోయింది ఆ విమానం ఒక్కటే అనిపించేలా.

ఇక్కడ చరిత్రలో ఒక తమాషా ఉంది. ఈ 1/72 కొలత 1930ల్లో ఇంగ్లండులో స్థిరపడింది, అంగుళానికి ఆరడుగుల లెక్కన. అది ఇంత ప్రాచుర్యంలోకి రావడానికి ఒక కారణం అల్మరాలు కాదు. 1942లో, అంటే కాకినాడ మీద బాంబులు పడ్డ సంవత్సరంలోనే, అమెరికా నౌకాదళం దేశంలోని హైస్కూలు పిల్లల్ని అయిదు లక్షల చెక్క విమానాలు చెక్కిపెట్టమంది. అన్నీ 1/72. అన్నిటికీ నల్లరంగు. వాటి మీద గుర్తుల్లేవు, రివెట్లు లేవు, కాక్‌పిట్ లేదు. గన్నర్లకీ, ఆకాశం వంక చూస్తూ కాపలా కాసేవాళ్ళకీ శిక్షణలో చూపించడానికవి. 35 అడుగుల దూరాన ఉన్న మోడల్, దాదాపు అర మైలు దూరాన ఉన్న నిజం విమానమంత కనిపిస్తుంది. నీడ చూసి చెప్పాలి, మనదా వాళ్ళదా అని. తప్పు చెప్తే సొంత విమానాన్నే కూల్చుకోవచ్చు, లేదా ఊరు తగలబడొచ్చు.

అంటే ఈ కొలత అంతగా పెరిగిందే నేల మీద నిలబడి తలెత్తి చూసేవాడి అవసరం కోసం. యుద్ధం అయిపోయాక నల్లరంగు పోయి అసలు రంగులొచ్చాయి, కాక్‌పిట్ లోపల గడియారాల ముళ్ళు వచ్చాయి. విమానం కప్పు నించి కిందికి దిగి అల్మరాలోకొచ్చింది. ఆ దిగడంలో చూసేవాడు మారిపోయాడు. ఈ కళ మీద నేను చదివిన పుస్తకాలన్నీ ఈ మార్పుని అభివృద్ధి అనే అంటాయి. పనితనంలో అభివృద్ధే, కాదనను. ఏం పోయిందో కూడా ఎవరన్నా చెప్పి ఉంటే బావుండేది.

నేల కనిపించే చోటు ఒక్క డబ్బా మీదే. ఎయిర్‌ఫిక్స్ కంపెనీకి రాయ్ క్రాస్ వేసిన బొమ్మలు తెలిసినవాళ్ళకి తెలుసు. మంటలు, రాలుతున్న బాంబులు, నీళ్ళలో మునుగుతున్న ఓడ. లోపల ముక్కలు చూసి కాదు, ఆ బొమ్మ చూసే పిల్లలు కొనేవాళ్ళు. 1970ల చివర్లో అవే బొమ్మల్ని మళ్ళీ అచ్చువేస్తూ పేలుళ్ళనీ, బాంబుల్నీ చెరిపేశారు. విమానం మాత్రం ఉంది, ఖాళీ ఆకాశంలో. హింస వద్దనుకున్నారు, మంచిదే. కానీ ఏం చేశారు? బాంబరుని ఉంచి బాంబు పడే చోటుని తీసేశారు.

డయోరమాల సంగతి వేరని మీలో కొందరు అనొచ్చు. షెపర్డ్ పెయిన్ లాంటివాళ్ళు 1970ల్లోనే మోడల్‌ని ఒక్కదాన్నీ నిలబెట్టకుండా, దాని చుట్టూ నేలా, మనుషులూ పెట్టి కథ చెప్పడం నేర్పారు. ఆయన పని నాకు చాలా ఇష్టం. కథ అంటే రెండు బొమ్మల మధ్య దూరం అని నాకు అర్థమైంది ఆయన ఫొటోలు చూశాకే. అయితే విమానాల డయోరమాల్లో నేను చూసినంత మటుకు నేల అంటే రన్‌వే. మనుషులంటే మెకానిక్కులు, పైలట్లు, ఒక కుక్క. ఆ నేల విమానం సొంత ఊరు. అది వెళ్ళొచ్చిన ఊరు కాదు.

ఇది మోడళ్ళకే పరిమితమైన జబ్బు కూడా కాదు. 1995లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే విమానాన్ని ప్రదర్శనకి పెట్టబోయింది. దాంతోపాటు హిరోషిమాలో దొరికిన వస్తువులు కూడా పెడదామనుకున్నారు. మాజీ సైనికుల సంఘాలు ఒప్పుకోలేదు, పెద్ద గొడవైంది. ఆ ప్రదర్శన రద్దయింది, మ్యూజియం డైరెక్టర్ మార్టిన్ హార్విట్ రాజీనామా చేశాడు. చివరికి విమానం ముందు భాగాన్ని పెట్టారు, కింద జరిగినది లేకుండా. అటు హిరోషిమా మ్యూజియంలో నగరం నమూనా ఉంది, బాంబు పడ్డాక ఏం మిగిలిందో చూపించేది. అదీ స్కేల్ మోడలే. దాన్ని మేం మా కళలో లెక్కెయ్యం.

మన విశాఖలో బీచ్ రోడ్డు మీద టీయూ-142 ఉంది. 29 ఏళ్ళు నౌకాదళంలో పనిచేసి 2017 మార్చిలో రిటైరైంది, అదే ఏడాది డిసెంబరులో మ్యూజియం అయింది. రోడ్డుకి అవతల ఇసకలో కుర్సురా సబ్‌మెరీన్. సబ్‌మెరీన్లని వేటాడే విమానమూ ఒక సబ్‌మెరీనూ అలా ఎదురెదురుగా ఉండటం ఎవరు ఆలోచించి చేశారో గానీ నాకు నచ్చుతుంది. అక్కడ మోడలర్‌గా నన్ను కదిలించింది ఒకటే, దాని పొట్ట కింద నడవొచ్చు. 50 మీటర్ల రెక్కలు. 1/72లో చేస్తే 70 సెంటీమీటర్లు, మా ఇంట్లో పట్టదు. తలెత్తి చూస్తే నోట మాట రాదు. పిల్లలు పరిగెత్తుకుంటూ లోపలికెక్కి బటన్లు చూస్తున్నారు. ఒక పెద్దాయన మాత్రం కిందే నిలబడ్డాడు చాలాసేపు. అదే రోడ్డు మీద విశాఖ మ్యూజియంలో, జపాన్ వాళ్ళు వేసిన బాంబు అని చెప్పి ఒక ఇనప పెంకు చూపిస్తారు. వెళ్తే రెండూ ఒకే రోజు చూడండి. అందం లేని ఆ పెంకుకి ఎవరూ కిట్ చెయ్యరు.

మళ్ళీ ముసునూరుకి వస్తాను. ముసునూరి నాయకుల ఇంటిపేరు మా ఊరిదేనని మా నమ్మకం. ప్రోలయ నాయకుడు, కాపయ నాయకుడు, 1330ల్లో ఓరుగల్లు తిరిగి పట్టుకోవడం, మా పిల్లలకి ఇవన్నీ కంఠతా. మూడేళ్ళ కిందట ఊళ్ళో ఒక కుర్రాడు ఫోమ్ షీటుతో కాపయ నాయకుడి కత్తి చేశాడు, అసలు సైజులో. వెండి రంగు, పిడికి సింహం తల. "దేన్ని చూసి చేశావురా?" అంటే "బాహుబలి అన్నా" అన్నాడు. నవ్వొచ్చింది గానీ వాడి తప్పేముంది? ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం ఉంది. అందులో కత్తి పొడవు లేదు. ఉన్నదల్లా ఓరుగల్లు పడిపోయాక జనం ఏమయ్యారన్నది, రైతు పండించింది రైతుకి దక్కలేదన్నది. రాజుని పొగడ్డానికి రాయించిందే అనుకోండి, ఆ చీకటి ఎంత చిక్కగా రాస్తే రాజు అంత వెలుగుతాడు. అయినా చూడండి, బి5ఎన్ గురించి నాకు రివెట్ల లెక్క తెలుసు, దాని కింద కాకినాడలో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే ఒక ముసలామె జ్ఞాపకం తప్ప ఏమీ లేదు. కాపయ గురించి సరిగ్గా తిరగబడింది. నేల సంగతి రాగిరేకు మీద ఉంది, కత్తి లేదు. ఆ కుర్రాడికి కత్తే కావాలి. నాకూ వాడి వయసులో కత్తే కావాలనిపించేది.

ఆయుధాన్ని ఒంటరిగా చూడ్డం మన దగ్గర పాత అలవాటు కాదు. కారంపూడి వీర్లగుడిలో కొణతాలని ఆయుధాలకి పూజ చేస్తారు, అవి పల్నాటి వీరుల పేర్ల మీదే ఉంటాయి. కొండపల్లి బొమ్మల్లో, తెల్ల పొణికి కర్రతో చేసిన దశావతారాల్లో, పరశురాముడి గొడ్డలి కొలత ప్రకారం ఉండదు. అది చేతిలో ఉంటుంది, అంతే. అంబారీ ఏనుక్కీ మావటివాడికీ కొలత కుదరదు గానీ మావటివాడు లేని అంబారీ మా ఇంట్లో కొలువెక్కలేదు. మా కిట్లలో పైలట్ బొమ్మ వచ్చినా చాలామంది పెట్టరు. కష్టపడి చేసిన సీటు దాని కింద కనపడకుండా పోతుందని. బి5ఎన్‌లో ముగ్గురు ఎక్కాలి. నేను ఎవర్నీ పెట్టలేదు. పైన వేసేవాడూ లేడు, కింద పడినవాడూ లేడు, మధ్యలో ఒక అందమైన వస్తువు.

అమ్మమ్మ అడిగాక రెండో బొట్టు వేశాను. డెకాల్ లేదు కాబట్టి మాస్కింగ్ టేప్‌లో గుండ్రంగా బెజ్జం కోసి, ఎరుపు రంగు రెండు కోట్లు. పొట్ట మీద అతుకు మళ్ళీ విప్పి, పుట్టీ పెట్టి, రుద్ది, కింద భాగం మొత్తం కొత్తగా రంగేశాను. ఆ పనికి పైభాగం కన్నా ఎక్కువ రోజులు పట్టింది. చక్రాలు పెరికేసి, తలుపులు మూసి, ఎగురుతున్నట్టు చేశాను. ఆ నల్ల చెక్క విమానాల సంగతి అప్పుడే చదివాను. చదివిన ఉత్సాహంలో దీన్ని అల్మరాలో పెట్టకుండా, నైలాన్ దారంతో హాల్లో దూలానికి వేలాడదీశాను. కింద నిలబడి చూస్తే రెండు ఎర్ర బొట్లూ సమంగా కనిపించాయి. ఈ వ్యాసంలో పైన రాసిందంతా ఆ సాయంత్రం నాకు తట్టినదే. చాలా సంతోషపడ్డాను, సమస్య ఏదో తీర్చేసినట్టు.

అమ్మమ్మ హాల్లోనే నవారు మంచం మీద పడుకుంటుంది. మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తుంటే అంది.

"ఒరే, దాన్ని తీసెయ్ నాన్నా. రాత్రి మెలకువొచ్చినప్పుడల్లా పైనుంటోంది."

స్టూలేసుకుని దారం కోసేశాను. చక్రాలు లేవు కాబట్టి అల్మరాలో సరిగ్గా నిలబడదు, ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. ఇప్పుడు హైదరాబాదులో నా దగ్గరే ఉంది, అలాగే ఒరిగి.